తోడుకోని ఇటుకలు

భరణి కార్తె, రెండో పాదం

మూడో చేయి నాకు వచ్చింది.

పొద్దున ఎండ సైరన్ మోగకముందే భానోజీ సార్ నా బల్ల దగ్గరికి వచ్చి పత్రాన్ని నా పలక మీదికి పంపారు. "నూకరత్నం, మొదటి రెండు చేతులూ అయ్యాయి. మూడోది నువ్వు. తీరిగ్గా చెయ్యి, కానీ ఆలస్యం చెయ్యకు," అన్నారు. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో అడిగేలోపు వెళ్ళిపోయారు.

మరుచేత ఇంట్లో పనికి చేరిన దగ్గర్నుంచి నాకు మొదటి చేతులే వచ్చాయి. ఎక్కడో ఎవరో చేసిన ప్రయోగాన్ని, వాళ్ళు రాసిన పద్ధతి చూసుకుంటూ మళ్ళీ చేయాలి. వాళ్ళకు వచ్చిందే నాకూ వస్తే "అయింది" అని ముద్ర వేయాలి. మొదటి చేయి తప్పినా వెనక ఇద్దరుంటారు. మూడో చేతి వెనక ఎవరూ ఉండరు. ఆ ముద్ర పడగానే పత్రం పత్రికలో అచ్చవుతుంది. అచ్చయినదాన్ని గురించి సర్కారు బోర్డులు మళ్ళీ ఎవరినీ అడగవు. అమలు చేసేస్తాయి.

పక్క బల్ల మెహరున్నీసా తొంగి చూసి, "మూడో చెయ్యంటే పెళ్ళికూతురి చెయ్యే. గాజులేసుకో," అంది.

పత్రం పేరు చదివాక నాకు నవ్వు రాలేదు. "సముద్రపు నీటిలో జీవ ఇటుకల మన్నిక." రాసినది ఆచార్య కమలాకర్, ఆయన బృందం. ఇది మా గోడ.

మా దిబ్బలపేటను సముద్రం తీసుకున్న దగ్గర్నుంచి మావాళ్ళు కొండ మీద రేకుల కింద ఉన్నారు. పాత ఊరి చోట ఇప్పుడు ఈ ఇటుకలతో గోడ లేచింది. గోడ వెనక వరసగా ఇళ్ళు కట్టి తాళాలు వేసి ఉంచారు. మూడో ముద్ర పడితే ఆ తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి. వానలు దిగేలోపు తెరుచుకోవాలని ఊరంతా చూస్తోంది.

మా ఇంట్లో అక్షరం నేర్చింది నేను ఒక్కదాన్నే. నాన్న బతికున్నప్పుడు అచ్చు కాగితం పొరపాటున కాలికి తగిలితే కళ్ళకద్దుకునేవాడు. అందులో ఏముందో ఆయనకు తెలియదు. చాలాసార్లు సబ్బు కాగితమే.

భరణి కార్తె, నాలుగో పాదం

ఇటుకలు పోశాను. ఇసుక, గవ్వల పొడి, ఎరువు నీళ్ళు, ఆ పైన తోడు. తోడంటే కంటికి కనిపించని పురుగులు. అవి పొడిని సున్నంగా మార్చి ఇసుకను పట్టేస్తాయి. పాలలో చల్లచుక్క వేసినట్టే కనుక మొదట ఎవరో తోడన్నారట. ఇప్పుడు పత్రాల్లో కూడా అదే రాస్తున్నారు.

పద్ధతి పెద్ద కష్టమైనదేం కాదు. అచ్చుల్లో పోసి వెచ్చగా ఉంచాలి. గట్టిపడ్డాక తీసి ఉప్పునీటి తొట్టిలో నానబెట్టాలి. నానాక కొన్ని మెత్తబడతాయి. అవి తోడుకోనివి. వాటిని ఏరి పారేసి, తోడుకున్నవాటిని అలల తొట్టిలో పెట్టి ఎన్ని అలలకు తట్టుకుంటాయో చూడాలి.

ఏరడం మాకు కొత్త కాదు. ఈ ఇంట్లో చేరినప్పుడు మొదట నేర్పిందే అది. "విరిగిన పాలు ఎవరూ వడ్డించరు" అని తొట్టి పైన గోడ మీద రాసి కూడా ఉంది.

కృత్తిక కార్తె, మూడో పాదం

మెహర్ చేస్తున్న నాచు పత్రం అయింది. ముద్ర వేసి బెల్లం పళ్ళెం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగింది. ఎవరి చేయి అయినా అందరి నోరూ తీపి కావాలన్నది ఈ ఇంటి ఆచారం. చిన్న పలుకే, గోరంత. బెల్లం ఇప్పుడు దొరికేదే తక్కువ.

కాకపోతే ఏం చేస్తారని చేరిన కొత్తలో అడిగాను. అందరూ నన్ను వింతగా చూశారు. కాకపోతే తొట్లు కడిగి మళ్ళీ చేస్తారు. అయ్యేదాకా చేస్తారు. కాలేదని చెప్పుకోవడానికి పళ్ళెమూ లేదు, మాటా లేదు.

"మనల్నే ఎందుకు తీసుకుంటారో తెలుసా?" అంది మెహర్ నా అరచేతిలో పలుకు పెడుతూ. "చదువుకున్నవాళ్ళ పిల్లలైతే, రాకపోతే పత్రం తప్పంటారు. మనమేమో మన చెయ్యి తప్పనుకుంటాం. మా నాయనమ్మ ఇప్పటికీ కరెంటు పోతే నేనేం చేశానే అంటుంది."

సాయంత్రం అక్క మాట్లాడింది. మా వైపు అక్కను అప్ప అంటాం. పైడమ్మప్ప నాకంటే ఆరేళ్ళు పెద్దది. చంకలో పిల్లాడు ఏడుస్తున్నాడు.

"ఏటే, ఎప్పుడు ఏస్తావు ముద్దర?"

"ఇటుకలు ఇంకా నానలేదప్పా."

"ఇటుకలు నానకపోతే నాను నానిపోతన్నాను ఇక్కడ సెమటకి. గుంటడికి ఒళ్ళంతా సెమటకాయలే. మంచినీళ్ళ బండి రోజు మార్చి రోజొస్తంది. ఊరంతా నన్నే అడుగుతున్నారు, మీ సెల్లి సేతిలోనే ఉన్నాదంట గదా అని." గొంతు తగ్గించి, "గొప్పగానే ఉన్నాది గానీ," అంది.

రోహిణి కార్తె, మొదటి పాదం

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఇక్కడ రోళ్ళెక్కడివి, పగలడానికి మేమే ఉన్నాం. సైరన్ మోగితే కిటికీలు మూసి, తడి గోనెలు కట్టుకుని, పొద్దు వాలేదాకా చీకట్లో కూర్చుంటున్నాం.

ఇటుకలు నానాయి. గోరు దిగినవాటిని ఏరి వెనక వసారాలో వేశాను. ఎక్కువే ఉన్నాయి. దగ్గర దగ్గర మూడో వంతు.

నా చేతిదే తప్పు అనుకున్నాను. తోడు చల్లబడి ఉంటుంది, లేదా గవ్వల పొడి సరిగా జల్లించి ఉండను. మిగిలిన రెండో విడత ఇటుకల్ని మరింత జాగ్రత్తగా నానబెట్టాను.

రోహిణి కార్తె, మూడో పాదం

రెండో విడతలోనూ మూడో వంతు మెత్తబడ్డాయి. ఏరి అదే కుప్పలో వేశాను.

తోడుకున్నవి మాత్రం రాళ్ళే. అలల తొట్టిలో పెట్టి పత్రంలో చెప్పినన్ని అలలూ, అంతకు మించీ కొట్టించాను. ఒక్కదాని అంచు కూడా విరగలేదు. పత్రంలో ఉన్న అంకె నాకూ అలాగే వచ్చింది. ముద్ర వేయడమే మిగిలింది.

అక్కకు చెబుదామని పలక తీశాను. గోడ దగ్గర ఉంది. బావ సన్నిబాబు అక్కడే ఇటుకలు పేర్చే పని చేస్తాడు. అక్క పలకను గోడకేసి తిప్పింది. "సూడే ఎంత నున్నగున్నాదో. మీ బావ ఏసిందే ఈ ముక్కంతా." గోడ నిజంగా బాగుంది. తెల్లగా, పొడవుగా, కంటికి ఆనేంత దూరం.

ఏదో ఒకటి అడగాలని అడిగాను. "బావా, నానబెట్టి ఏరేది ఎక్కడ? మీ దగ్గరా, పోసే చోటా?"

"ఏరడమేటే?"

"మెత్తవి తీసేయడం."

"మెత్తవేటి, అన్నీ గట్టివే. లారీలో ఒస్తాయి, దించుతాం, ఏస్తాం. నానబెట్టి ఏరతా కూకుంటే ఈ గోడ మా మనవలు కట్టుకోవాల." బావ నవ్వాడు. వెనక ఎవరో కూడా నవ్వారు.

నేను పలక పెట్టేసి వసారాలోకి వెళ్ళాను. మెహర్ నా కుప్పను గంపకెత్తుతోంది. ఈ వారం ఊడ్చే వంతు తనది.

"ఎక్కడికి?"

"గుంటలోకి. తోడుకోనివే కదా."

"దించు," అన్నాను. "మెహర్, వీటిని పోసినప్పుడు వాటికీ వీటికీ తేడా తెలిసిందా మనకి?"

"నానితే కదా తెలిసేది."

"గోడలో నానాక తెలిస్తే, ఎవరు ఏరతారు?"

మెహర్ గంప దించింది. ఇద్దరం ఆ కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాం. ఇన్నాళ్ళూ వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. మొదటి చేయి ఏరేసింది, రెండో చేయి ఏరేసింది, నేనూ ఏరేశాను. మిగిలినవి మన్నుతాయని ముగ్గురం ఒప్పుకున్నాం. మిగిలినవి మన్నినవే కదా.

రోహిణి కార్తె, నాలుగో పాదం

పత్రం చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ప్రతి పత్రానికీ ఉంటుంది. "మూల లెక్కలు అడిగినవారికి ఇవ్వబడును." నేనెప్పుడూ అడగలేదు. అడిగినవాళ్ళెవరూ నాకు తెలియదు.

అడిగాను. "మీ అభ్యర్థన అందినది" అని వెంటనే వచ్చింది. ఇంకేమీ రాలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అందినది. మూడోసారి కూడా అందినది.

మొదటి రెండు చేతులకూ కబురు పెట్టాను, మీరు పోసినవాటిలో ఎన్ని మెత్తబడ్డాయని. ఒకరు పలకలేదు. రెండోవారు దయగా రాశారు: "కొంచెం ఎక్కువే పోయాయమ్మా. నా చేతివాటం లోపమని మళ్ళీ పోసుకున్నాను."

భానోజీ సార్‌కు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని విన్నారు.

"పత్రం ఏమంది? తోడుకున్న ఇటుక మన్నుతుంది అంది. మన్నిందా?"

"మన్నింది సార్."

"మరి ఇంకేం కావాలి?"

"గోడలో తోడుకోనివి కూడా ఉన్నాయి సార్. పత్రం గోడ గురించే చెప్పిందనుకుని బోర్డు కట్టింది."

"బోర్డు ఏమనుకుందో మనకెందుకు? మన పని పత్రం. గోడ మనది కాదు."

"మావాళ్ళది సార్."

ఆయన కళ్ళు తెరిచారు. కోపం లేదు. అదే బాగా బాధనిపించింది. "అమ్మా, నువ్వు కాలేదని ముద్ర వేశావే అనుకో. ఏమవుతుంది? కాలేదన్నది పత్రికకు చేరదు. పత్రం తిరిగి ఈ ఇంటికే వస్తుంది, మళ్ళీ చేయించమని. నేను ఇంకొకరికిస్తాను. వాళ్ళూ కాదంటే ఇంకొకరికి. ఎవరో ఒకరికి అవుతుంది. ఈ ఇంటికి నీళ్ళ వంతు అయినవాటిని బట్టే వస్తుంది, నీకు తెలుసు. ఈ వేసంగిలో ఇంతమందికి ఏం తాగిస్తాను?"

వెళ్ళి తొట్లు కడిగాను.

మృగశిర కార్తె, మొదటి పాదం

ఆచార్య కమలాకర్ తనంతట తానే మాట్లాడారు. నేను గోనె తడుపుతున్నాను, పలక మోగింది. ముసలి గొంతు. మూడుసార్లు అడిగింది నువ్వేనా అన్నారు. అవునన్నాను, నిలబడి.

"లెక్కలు ఇవ్వడానికి నా చేతిలో లేవమ్మా. బోర్డుతో ఒప్పందం. అందులో నీకేం కావాలో చెప్పు."

"పోసినవి ఎన్ని సార్? నానాక మెత్తబడ్డవి ఎన్ని?"

ఆయన ఆగారు. దాస్తున్నట్టు అనిపించలేదు. నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నట్టు అనిపించింది.

"అవి రాసుకోలేదు," అన్నారు చివరికి. "తోడుకోనివి రాసుకోవడం మాకు అలవాటు లేదు. మా గురువుగారి దగ్గరా లేదు. అది ప్రయోగంలో భాగం కాదు కదా, ప్రయోగానికి ముందుది."

"గోడలో ఎలా ఏరతారు సార్?"

"పోసేచోట ఏరుతున్నారనుకున్నాను."

"పోసేచోటివాళ్ళు మీరు ఏరారనుకున్నారు సార్."

అటు నుంచి ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. "నీ పేరేమిటమ్మా?" అన్నారు. చెప్పాను. "నూకరత్నం," అని ఒకసారి మెల్లగా అనుకుని పెట్టేశారు.

మృగశిర కార్తె, రెండో పాదం

అచ్చుల్లో మిగిలి ఉన్న ఇటుకలు తీసి, ఈసారి ఏరకుండా, చిన్న గోడలా పేర్చి అలల తొట్టిలో నిలబెట్టాను. మొదటి రోజు ఏమీ కాలేదు. ఆ తర్వాత మెత్తబడ్డవి బురదలా జారడం మొదలైంది. వాటి చుట్టూ ఉన్న గట్టివి గట్టిగానే ఉండి, పట్టు లేక, ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. ఒక్కటీ విరగలేదు. గోడ మాత్రం లేదు.

"కాలేదు" ముద్ర వేశాను. ఈ ఇంట్లో ఆ ముద్ర ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

నా లెక్కలన్నీ, తోడుకున్నవీ తోడుకోనివీ, ఎవరూ అడగకుండానే అందరికీ కనిపించే చోట పెట్టాను. చూసినవాళ్ళు ఇద్దరు. ఒకరు మెహర్. రెండోది నేనే, ఎంతమంది చూశారో చూడ్డానికి వెళ్ళి.

అక్కకు చెప్పాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పెద్దదైంది.

"కాలేదని ఏసీసినావా? నీకు రాకపోతే రాలేదని సెప్పాల గానీ, గోడ మంచిది కాదంటావేటే! పెద్ద సదువులోళ్ళు రాసిందది. ఆళ్ళకంటే నీకెక్కువ తెల్సా?"

"అప్పా, వానల్లో అల పెరిగితే ఆ గోడ నిలవదు. వెనక ఇళ్ళు ఉండవు."

"ఇక్కడ ఇప్పుడుందేటే? రేకు మీద సెయ్యేస్తే బొబ్బ లెగుస్తంది. నా గుంటడు ఇక్కడే సస్తే నీ లెక్కలో ఏస్తావా ఆడ్ని?"

ఆ తర్వాత పిల్లాడి ఏడుపే వినిపిస్తూ ఉంది, ఎవరో ఒకరు పెట్టేసేదాకా.

మృగశిర కార్తె, నాలుగో పాదం

పత్రం తిరిగి వచ్చింది. భానోజీ సార్ దాన్ని మెహర్‌కిచ్చారు. "మళ్ళీ పోయనక్కర్లేదు, టైము లేదు. నూకరత్నం ఏరి పెట్టినవి ఉన్నాయిగా, వాటితో చెయ్యి," అన్నారు.

నేను ఏరినవే. నా గోటితో ఒక్కొక్కటీ నొక్కి చూసి, మంచివని పక్కన పెట్టినవి.

మెహర్ నావైపు చూడకుండా వాటిని అలల తొట్టిలో పెట్టింది. అవి మన్నాయి. మన్నక ఏం చేస్తాయి?

మెహర్ ముద్ర వేసి, బెల్లం పళ్ళెం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "తిట్టవే," అంది మెల్లగా. "నేను కాకపోతే ఇంకొకడు వేస్తాడు. నా తర్వాత వరసలో ఎవరున్నారో చూశావా, వాడు ఇటుక తడపకుండానే వేస్తాడు."

"నిన్నేం అనడం లేదు."

"అదే వద్దంటున్నా. తిట్టు."

పలుకు తీసుకుని పిడికిట్లో పెట్టుకున్నాను. సాయంత్రానికి కరిగి చేతికంతా అంటుకుంది.

ఆరుద్ర కార్తె, మొదటి పాదం

తాళాలు తెరుచుకున్నాయి. వరసగా, ఒకదాని తర్వాత ఒకటి, టక్ టక్‌మని, పేటంతా వినిపించిందట. అక్క ఏమీ చెప్పలేదు. బావ పంపిన బొమ్మ చూశాను. కొత్త ఇంటి గుమ్మానికి పసుపు రాసి, పిల్లాణ్ణి ఎత్తుకుని, నీళ్ళ కొళాయి పక్కన నిలబడి ఉంది. పిల్లాడి ఒంటి మీద చెమటకాయలు తగ్గినట్టున్నాయి.

భానోజీ సార్‌ను సెలవడిగాను. ఎన్నాళ్ళకని సార్ అడగలేదు. ఆయన సీసా నిండా మంచినీళ్ళు పోయించి, "దారిలో దొరకవు," అన్నారు.

ఆరుద్ర కార్తె, మూడో పాదం. దిబ్బలపేట

అక్క నాకు అన్నం పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు. రెండు రోజులు అలాగే గడిచాయి.

పోటు తగ్గినప్పుడు గోడ కింది వరసలు బయటపడతాయి. చిన్న డబ్బాలో జాజు కలుపుకుని వెళ్ళి, ఒక్కో ఇటుకనూ గోటితో నొక్కుతూ, గోరు దిగినదాని మీద ఎర్ర చుక్క పెట్టడం మొదలుపెట్టాను. అంతకంటే నాకేం తోచలేదు. నేను పలకలో పెట్టిన లెక్కలు ఎవరూ చూడరు. గోడను చూడకుండా ఎవరుంటారు?

పేట ఆడవాళ్ళు గట్టు మీద చేరారు. "మీ సెల్లి గోడకి బొట్లెడతంది పైడమ్మా," అన్నారెవరో. "దిట్టి తగలకుండానేమో," అన్నారింకెవరో. నవ్వులు.

అక్క పిల్లాణ్ణి వాళ్ళకిచ్చి విసురుగా దిగి వచ్చింది. "నన్ను ఊళ్ళో తల ఎత్తుకోనీవా? మీ బావ ఏసిన గోడే ఇది. ఏదీ, ఎక్కడుందే మెత్తది?" అని నా చేయి పక్కకు తోసి, చుక్క లేని ఇటుక మీద బొటనవేలు పెట్టి బలంగా నొక్కింది.

గోరు దిగింది. వేలు కణుపు దాకా దిగింది.

అక్క వేలు బయటికి తీసి, దానికంటిన తెల్లటి బురదను చూస్తూ ఉండిపోయింది. గట్టు మీద నవ్వులు ఆగాయి. పక్క ఇటుక నొక్కింది. అది గట్టిది. ఆ పక్కది నొక్కింది. దిగింది.

"డబ్బా ఇలా ఇయ్యి," అంది.

పునర్వసు కార్తె, రెండో పాదం

పోటు తగ్గినప్పుడల్లా పేట ఆడవాళ్ళందరం దిగుతున్నాం. ఎవరి ఇంటి ఎదుటి ముక్క వాళ్ళది. చదువు అక్కర్లేదు, గోరు ఉంటే చాలు. అక్క ఒకే నియమం పెట్టింది: "మెత్తదాన్ని పీకి పారేయకండే. కనబడాల." నేను పలకలో పెట్టిన లెక్కలన్నిటితోనూ ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

బోర్డు మనుషులు వచ్చి గోడను పాడుచేస్తున్నారని కేకలేసి, పొడవునా సున్నం కొట్టించి పోయారు. మరుసటిసారి పోటు తగ్గగానే మళ్ళీ చుక్కలు పెట్టాం. ఈసారి ఎక్కువ పడ్డాయి, లెక్కపెడితే మూడో వంతు. పోయినసారి గట్టిగా ఉన్నవి కొన్ని ఈసారి దిగాయి.

"కొండ మీదికి పోదాం అప్పా," అన్నాను.

"ఎక్కడికే? మనం దిగిన రోజే మన రేకులు వేరే ఊరోళ్ళకి ఇచ్చీసినారు. బోర్డు లెక్కలో మనం ఇక్కడ ఉన్నాం." బావ పడవను తెచ్చి గుమ్మానికి కట్టాడు. పేటలో చాలా గుమ్మాలకు పడవలున్నాయి. తను వేసిన గోడ ఎదుటే బావ రోజంతా కూర్చుంటున్నాడు.

చుక్కల గోడ బొమ్మ తీసి మెహర్‌కు పంపాను. ఏమీ రాయలేదు, బొమ్మ ఒక్కటే.

పుష్యమి కార్తె, మొదటి పాదం

మెహర్ దగ్గర్నుంచి బొమ్మ వచ్చింది. వాళ్ళ నాయనమ్మ ఊరు ఇదే గోడకు దక్షిణపు చివర ఉంది. ముసలామె నడుం వంచి గోడకు వేలు గుచ్చుతోంది. వెనక అంతా ఎర్ర చుక్కలు. మెహర్ లెక్క రాసింది: మూడో వంతు. "ఈసారి ఏరలేదు," అని కింద రాసింది.

ఇవాళ మరో బొమ్మ వచ్చింది. ఏ ఊరో, పంపింది ఎవరో నాకు తెలియదు. వాళ్ళకు నేను తెలియదు. మా గోడ బొమ్మ చేతులు మారి ఎక్కడికో చేరి ఉంటుంది. వాళ్ళకు జాజు దొరకలేదేమో, బొగ్గుతో పెట్టారు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. మూడో వంతు.

మూడు చేతులు, మూడు చోట్ల, అదే పని చేసి, అదే ఫలితం చూశాయి.

సముద్రం రంగు మారింది. పైనుంచి వాన మేఘం దిగుతోంది. గోడ కింది వరసలు ఇప్పుడు పోటు తగ్గినా బయటపడడం లేదు, చుక్కలన్నీ నీళ్ళలో ఉన్నాయి. అక్క మూట కట్టి పడవలో పెట్టింది. పిల్లాడు కొత్త ఇంటి గచ్చు మీద చల్లగా నిద్రపోతున్నాడు.

"మీ మరుసేత ఇంట్లో, పని అయితే ఏటి సేస్తారన్నావు?" అంది అక్క బొమ్మలు మూడూ చూశాక.

చెప్పాను. అక్క బెల్లం డబ్బా అడుగు నుంచి ముక్క తీసి, రాయితో పగలగొట్టి, పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చింది.

అయింది.

పళ్ళెం పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగాను. అందరూ తీసుకున్నారు. ఎవరూ నోట్లో వేసుకోలేదు.